గుంట కొరియా భాష, ఇంటి బదులు

“రమ్మన్న రోజుకి ఎల్లకపోతే ఆళ్ళు ఇంకో గుంటని తీసీసుకుంటారు అమ్మమ్మా. ఎన్నిసార్లు సెప్పాల నీకు?”

“తీసీసుకోనీ. బదులు తీరకుండా నువ్వు ఊరి పొలిమేర దాటడానికి లేదు.”

“బదులు, బదులు! ఆ బదులు నేను తెచ్చుకున్నానేటి? జారి పడింది నువ్వు. మంచమెక్కింది నువ్వు.”

“కోసిన చోడి ఎవరు తింటన్నారు? పొద్దున్నే అంబలి నా ఒక్కదాని గొంతులోకే దిగుతందేటి?”

“అయితే రేపట్నించి తాగనులే.”

“తాగకు. మిగుల్తాది.”

గుంట చేతిలోని చీపురు అక్కడే పడేసి నా వైపు తిరిగింది. మా వాకిట్లో టార్పాలిన్ మీద కాఫీ పళ్ళు ఆరబోసి ఉన్నాయి. ఇద్దరం చెరో పక్కన నిలబడి వాటిని తిరగేస్తూ ఈ తగువు వేసుకున్నాం. పోయిన చలికాలం సంగతి ఇది. మరునాడు సంత. సంత రోజు మధ్యాహ్నం దానికి ఫోనులో కొరియా వాళ్ళతో మాటల పరీక్ష ఉంది. అందులో నెగ్గితే కింద మైదానంలో ఉన్న వాళ్ళ ఫ్యాక్టరీలో ఉద్యోగం. కొరియా నుంచి వచ్చిన పెద్దలు చెప్పింది విని మన పిల్లలకు తెలుగులో చెప్పాలి, మన పిల్లలు చెప్పింది వాళ్ళకు చెప్పాలి. కుర్చీలో కూర్చుని చేసే పని.

“ఎప్పుడొస్తావని అడుగుతారు కదా, అప్పుడేటి సెప్పాల?” అంది.

“బదులు తీరాక వస్తానని సెప్పు.”

“అలాగ సెప్తే ఎవరైనా ఉద్యోగం ఇస్తారేటి?”

“ఇవ్వకపోతే మానీమను. ఉన్నమాట సెప్పడానికి కూడా బయమేటే నీకు?”

“నీతో మాటాడ్డం కంటే ఆ సిల్వరు ఓక్ సెట్టుతో మాటాడ్డం నయం.”

“దాంతోనే మాటాడు. ముందు ఆ మూల పళ్ళు తిరగెయ్, బూజు పట్టీగలవు.”

తిరగేసింది. ఏడుస్తూ తిరగేసింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మాది అరకు లోయకు పైన, ఘాట్ రోడ్డు మలుపుల నుంచి లోపలికి నడిచి వెళ్ళే చిన్న ఊరు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల, ఇది నా కూతురి కూతురు. తల్లి జ్వరంతో పోయింది, తండ్రి వేరే కాపురం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఇంట్లో మేమిద్దరమే. కొంచెం మెట్ట, దాని పైన వాలులో కొంచెం కాఫీ తోట, మిరియాల తీగలు. నేను ఆశ్రమ పాఠశాలలో నాలుగో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత తమ్ముళ్ళను ఎత్తుకోవడానికి ఇంటికి పిలిపించారు. గుంట మాత్రం ఇంటర్ గట్టెక్కింది. ఊళ్ళో అంత చదివినవాళ్ళు ఎక్కువమంది లేరు. చదివి ఏం చేశారంటే, అదే చెప్తాను.

ముందు బదులు గురించి చెప్పాలి. మా ఊళ్ళో కూలికి మనిషిని పెట్టుకునే స్తోమతు ఎవరికీ లేదు. నా పొలంలో పని పడితే నువ్వొస్తావు, నీ పొలంలో పని పడితే నేనొస్తాను. మనిషికి మనిషి, రోజుకి రోజు. దాన్నే బదులు అంటాం. డబ్బు ఇచ్చి తీర్చుకుంటానంటే నవ్విపోతారు. డబ్బు వచ్చి చోడి కోస్తుందా అంటారు. బదులు తీరకుండా ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక వాళ్ళ పొలంలో ఎవరూ దిగరు. నోటితో ఒక్క మాటా అనరు. వాళ్ళ పంట కళ్ళెదుటే రాలిపోతుంది, అంతే.

ఆ ఏడు చోడి, అదే రాగి, కోతకొచ్చిన వేళకు నేను వాగు దగ్గర నాచు మీద జారిపడ్డాను. తుంటి ఎముక విరగలేదు గానీ మంచం దిగలేకపోయాను. గుంట ఒక్కతే ఎంతని కోస్తుంది? మబ్బు పట్టి ఉంది. అప్పుడు పక్కింటావిడ తన కోడలిని వెంటబెట్టుకుని వచ్చి చేనంతా కోసి, కట్టలు కట్టి, ఇంటికి మోసి పెట్టింది. కోడలికి అప్పటికే నెలలు నిండుతున్నాయి. వద్దన్నా వినలేదు. ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఒక చేత్తో వెన్నులు కోసిందట ఆ పిల్ల. ఆ చోడే మేమిద్దరం ఏడాది పొడుగునా తాగే అంబలి.

ఇప్పుడు ఆ ఇంట్లో కోడలు బాలింత. పక్కింటావిడ తోటలో కాఫీ పండింది. కాఫీ ఒక్కసారిగా పండదు, విడతలు విడతలుగా పండుతుంది, పండినది పండినట్టు కోసుకోవాలి. ఆలస్యమైతే నల్లబడి రాలుతుంది, రాలినదాన్ని ఎవరూ కొనరు. బాలింతను చూసుకుంటూ ఆవిడ ఒక్కతి కోయలేదు, వేరే కోత చేతులు లేవు. ఉన్నవి మావే. నా తుంటి వాలు ఎక్కనివ్వదు. అంటే ఉన్నవి గుంట చేతులే.

కొరియా భాష మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్తాను. ఇంటర్ అయ్యాక గుంట ఫోనులో ఏవో కొరియా కథలు చూసేది. నేను తిట్టేదాన్ని. ఆ తర్వాత పట్నంలో ఎవరో ఊరికే నేర్పుతున్నారని, ఫోనులోనే పాఠాలని, నేర్చుకున్నవాళ్ళకు ఫ్యాక్టరీలో పని దొరుకుతుందని తెలిసింది. ఊరికే అంటే నాకు నమ్మకం ఉండదు. ఊరికే వచ్చిన విత్తనం ఎప్పుడూ మొలవలేదు. అయినా పుస్తకాలు కొనమనలేదు కదా అని ఊరుకున్నాను. ఇంటి దగ్గర ఫోనుకు సిగ్నల్ ఉండదు. సాయంత్రం మలుపు దాకా వెళ్ళి పాఠం ఫోనులోకి దించుకుని వచ్చేది. పొయ్యి దగ్గర కూర్చుని వినేది. చెవుల్లో పెట్టుకునేవి కొనమంది. నేను కొనలేదు. అందుకని నాకూ వినక తప్పలేదు.

పాఠం చెప్పే పిల్ల తెలుగు పిల్లే. మొదటి రోజే అంది: మన తెలుగు వచ్చినవాళ్ళకు కొరియా భాష సుళువు, ఎందుకంటే మాటల వరుస ఒకటే. ముందు చేసేవాడు, తర్వాత చేసేది దేన్నో అది, చివర చేసే పని. నేను అన్నం తింటాను అంటాం కదా, వాళ్ళూ అంతే. చొనున్ పాబుల్ మొగొయో. చొనున్ అంటే నేనైతే. పాబుల్ అంటే అన్నాన్ని. మొగొయో అంటే తినడం. ఇంగ్లీషులో లాగ తినడం మధ్యలోకి దూరిపోదు.

“ఇంత దూరంలో ఉన్నోళ్ళకి మన వరుస ఎలా వచ్చిందే?” అన్నాను.

“ఏమో. ఆళ్ళూ చివరిదాకా ఇంటేగానీ మాట తెగదు. తింటాడో తినడో ఆఖర్న తెలుస్తాది.”

“మంచిదే. మజ్జలో లేచిపోడానికి ఉండదు.”

తర్వాత పాఠాలన్నీ మాటల వెనక తగిలించే చిన్న చిన్న ముక్కల గురించి. మనకు అన్నాన్ని, ఇంటికి, ఇంట్లో, వాడితో అని ఉంటాయి కదా, ని, కి, లో, తో. వాళ్ళకూ అలాంటివే ఉన్నాయి. పాఠం పిల్ల వాటిని ఏదో పెద్ద పేరుతో పిలిచేది. నేను కాడలు అన్నాను. పండు ఏ కొమ్మదో కాడ చూస్తే తెలుస్తుంది. మాట దేనికి పట్టి ఉందో ఆ ముక్క చూస్తే తెలుస్తుంది. గుంటకు ఆ మాట నచ్చింది. అమ్మమ్మా, ఈ రోజు కొత్త కాడ అనేది వచ్చి.

దానికి వచ్చిన చిక్కేమిటంటే, ఆ కాడలు అన్ని మాటలకూ ఒక్కలా ఉండవు. మాట చివర నోరు మూసుకుపోతే ఒక కాడ, నోరు తెరుచుకుని ఉంటే ఇంకో కాడ. పాప్ అంటే అన్నం, నోరు మూసుకుంది, కాబట్టి ఉల్ తగిలించాలి, పాబుల్. కొపి అంటే కాఫీ, నోరు తెరిచే ఉంది, కాబట్టి రుల్, కొపీరుల్. మన మాటలన్నీ నోరు తెరుచుకునే ముగుస్తాయి. అందువల్ల గుంట నోరు మూసుకోవలసిన చోట కూడా చివర ఒక ఉ తగిలించేసేది. పాపు, చిపు అనేది. చిప్ అంటే ఇల్లట. పాఠం పిల్ల ఫోనులో పలికింది ఎన్నిసార్లు విన్నా వచ్చేది కాదు. చివరికి నేను దాని ఎదురుగా కూర్చుని, అది ఉ అన్నప్పుడల్లా పొయ్యిలోంచి ఒక పుల్ల బయటికి లాగేదాన్ని. మంట తగ్గితే దానికే చలి. అలా వచ్చింది.

నాకు అర్థం తెలియకపోయినా కాడ తప్పితే తెలిసేది. రోజూ వినగా వినగా చెవికి పట్టేసింది. తప్పినప్పుడు ‘మళ్ళీ’ అనేదాన్ని. గుంట విసుక్కునేది గానీ మళ్ళీ చెప్పేది.

ఒకరోజు లో గురించి పాఠం వచ్చింది. మనకు లో ఒకటే. ఇంట్లో ఉన్నాను, ఇంట్లో పని చేస్తున్నాను, రెండింటికీ అదే. వాళ్ళకు రెండు ఉన్నాయి. ఊరికే ఉంటే చిబే ఇస్సొయో, ఇంట్లో ఉన్నాను. పని చేస్తే చిబెసొ ఇల్హెయో, ఇంట్లో పని చేస్తున్నాను. ఊరికే ఉండడానికి ఒక లో, ఒళ్ళు వంచడానికి ఇంకో లో. వాళ్ళ భాషలో నాకు బాగా నచ్చింది అదొక్కటే.

“సూసినావా, బద్ధకస్తులకి ఆళ్ళు లో కూడా వేరే పెట్టీసినారు,” అన్నాను.

“ఉండడం బద్ధకం కాదమ్మమ్మా.”

“మరేటి?”

“ఉండడం.”

నచ్చనివి కూడా ఉన్నాయి. వాళ్ళు తిన్నాను, తిన్నావు, తిన్నది అని వేరువేరుగా అనరు. అందరికీ ఒకటే, మొగొస్సొయో. పైగా నేను, నువ్వు అన్న మాటలు కూడా ఎగరగొట్టేస్తారట. ఎవరు తిన్నారో సందర్భం చూసి తెలుసుకోవాలట. ఎవరు తిన్నారో చెప్పకుండా తిన్నారంటే ఏం లెక్క? మా ఇంట్లో బెల్లం ముక్క తగ్గితే ఆ భాషలో అడగడానికి కుదరదన్నాను. గుంట నవ్వి నవ్వి పొర పోయి, నీళ్ళు తాగింది.

నన్ను హల్మొని అనడం మొదలుపెట్టింది. అంటే ముసలమ్మ, అమ్మమ్మ. మా పక్కింటావిడ నన్ను అప్పా అంటుంది, మా వైపు అక్కని అప్ప అంటాం. కొరియాలో అప్పా అంటే నాన్న అట. ఆవిడ గుమ్మంలోకి వచ్చి “అప్పా, చేట ఉన్నాదా?” అన్నప్పుడల్లా గుంట మొహం గోడవైపు తిప్పుకుని నవ్వేది. “ఏటే, నన్ను సూస్తే నవ్వొస్తందేటి?” అని ఆవిడ అడిగేది. అవన్నీ బాగానే ఉన్నాయి. చలికాలం ముదిరేదాకా బాగానే ఉన్నాయి.

ఊళ్ళో చదువుకున్న ఆడపిల్లలు ఏం చేశారో చెప్తానన్నాను. రొయ్యల షెడ్లకు వెళ్ళారు. సముద్రం పక్కన షెడ్లు ఉంటాయి, మంచుగడ్డల మధ్య నిలబడి రొయ్యల తల తీయాలి, పొట్టు తీయాలి. మా ఊరి నుంచే ఒకావిడ పిల్లల్ని కూడగట్టి పంపుతుంది. కాఫీ కోతలయ్యాక వ్యాను వస్తుంది. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చినప్పుడు చేతివేళ్ళు తెల్లగా, నానిపోయిన చింతపండులాగ ఉంటాయి. ఒక పిల్లకు వేసవిలో కూడా వేళ్ళు కొంకర్లు పోతాయి, గ్లాసు పట్టుకోలేదు. ఆ పిల్ల మా గుంట కంటే బాగా చదివేది. గుంట వెళ్ళనంది. కూర్చుని చేసే పని కోసమే ఈ కాడలన్నీ నేర్చుకుంది. కొరియా పని దొరక్కపోతే వ్యాను ఎక్కాలి. మూడో దారి మాకు లేదు. ఇద్దరికీ తెలుసు కాబట్టే తగువు అంత గట్టిగా వేసుకున్నాం.

దొరుకుతుందని నేను అనుకోలేదు. ఆశ పెట్టుకుంటే ఆకలి ఎక్కువవుతుందని మా అమ్మ అనేది. గుంట మాత్రం పెట్టుకుంది.

సంత రోజు ఎవరూ కోతకు దిగరు. మధ్యాహ్నం ఇద్దరం మలుపు దగ్గరికి నడిచాం. సిగ్నల్ నిండుగా ఉండేది అక్కడే. మంచు చూడ్డానికి వచ్చిన పట్నం కార్లు కూడా అక్కడే ఆగుతాయి, బొంగులో చికెన్ కాల్చి అమ్మే పాకలు ఉన్నాయి కాబట్టి. ఒక పాకావిడ మమ్మల్ని వెనక వెదురు దొంతర పక్కన కూర్చోనిచ్చింది. గుంట జడ వేసుకుంది, ఉన్నవాటిలో మంచి చుడీదారు వేసుకుంది. ఫోనును వెదురు బొంగుకు ఆనించి పెట్టింది. పొగ దాని కళ్ళలోకి వస్తోంది. రోడ్డు మీద ఒక కారులోంచి పాట పెద్దగా మోగుతోంది. నేను వెళ్ళి అద్దం మీద కొట్టాను.

“ఒరే బాబూ, ఆ పాట ఆపు.”

“ఎందుకమ్మా?” అన్నాడు లోపలివాడు.

“పరీక్ష అవుతంది.”

“ఇక్కడా? బొంగులో చికెన్ పరీక్షా?”

“నవ్వినంతసేపు నవ్వు. నోటితో నవ్వు, ఆ డబ్బాతో కాదు.”

ఆపాడు. నేను వెనక్కి వచ్చి గుంటకు కొంచెం అవతల, ఫోనులో పడకుండా కూర్చున్నాను.

ఫోనులో ఇద్దరు కనిపించారు. ఒకావిడ కొరియా ఆవిడ, నడివయసు, కళ్ళద్దాలు. ఒకతను మన తెలుగతను. ఆవిడ మెల్లగా అడుగుతోంది, గుంట మెల్లగా చెబుతోంది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, అమ్మమ్మతో ఉంటానని చెప్పింది. ఇంటి దగ్గర ఏం చేస్తావని అడిగినట్టుంది, కొపీరుల్ తాయో అంది, కాఫీ కోస్తాను అని. ఒక్క కాడ తప్పలేదు. ఎక్కడా చివర ఉ రాలేదు. నేను వింటూ చేతి వేళ్ళు ముడిచి కూర్చున్నాను, మళ్ళీ అనవలసి వస్తుందేమోనని. రాలేదు.

కొరియా ఆవిడ ఏదో అడిగింది. గుంట నా వైపు చూసి, “అమ్మమ్మా, నువ్వూ ఉన్నావా అని అడుగుతన్నాది. నిన్ను సూపించమంటంది” అంది. ఫోను నా వైపు తిప్పింది. కొరియా ఆవిడ తల బాగా వంచి దణ్ణం పెట్టింది. పెద్దదాన్ని కదా, వాళ్ళకు ఆ మర్యాద ఉంది. నేను పైట సర్దుకుని, వచ్చిన ఒక్క ముక్కా అన్నాను. చొనున్ హల్మొనియేయో. నేనైతే అమ్మమ్మని. ఆవిడ చప్పట్లు కొట్టింది. తెలుగతను కూడా నవ్వాడు. “అమ్మమ్మగారికి కూడా ఉద్యోగం ఇచ్చేలా ఉన్నారు” అన్నాడు. గుంట మొహం వెలిగిపోయింది. అప్పుడు నాక్కూడా, ఇస్తారేమో అనిపించింది. అంత సేపే.

ఫోను మళ్ళీ గుంట వైపు తిరిగింది. ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. తెలుగతను దాన్నే తెలుగులో అన్నాడు.

“చూడమ్మా, మేడమ్‌కి నీ మాట నచ్చింది. సోమవారానికల్లా వచ్చి చేరగలవా? హాస్టల్లో మంచం ఖాళీగా ఉంది. లైను మొదలవుతోంది, మనిషి అర్జెంటు.”

గుంట నన్ను చూసింది. నేను కళ్ళు తిప్పుకోలేదు. అనవలసింది ముందు రోజే అన్నాను.

అది ఫోను వైపు తిరిగి కొరియా మాటలోనే చెప్పింది. అర్థం దారిలో నాకు చెప్పింది: వస్తాను, కానీ సోమవారం రాలేను. పక్కింటి కాఫీ కోత ఉంది. వాళ్ళు మా చోడి కోశారు. ఆ పని అయ్యాక వస్తాను. పొడుగైన మాట. మధ్యలో ఎక్కడా ఆగలేదు. కొరియా ఆవిడ వింటూ వింటూ చివరికి ‘ఆ...’ అంది. నవ్వు పోయింది. తెలుగతనితో ఏదో అంది.

“అదేంటమ్మా,” అన్నాడు అతను. “పక్కింటి పని ఎవరైనా చేస్తారు కదా?”

“ఎవరూ సెయ్యరండి. అది మా వంతు.”

“పోనీ మీ ఇంట్లోవాళ్ళు?”

“ఇంట్లోవాళ్ళం మేమిద్దరమేనండి.”

“సరే. మాట్లాడుకుని కబురు చెప్తాం.”

ఫోను నల్లబడింది. పాకావిడ పొయ్యి దగ్గర నుంచి, “అయ్యిందా? ఇచ్చీసినారా?” అంది. గుంట “కబురు సెప్తారట” అంది. కబురు చెప్తామన్నవాళ్ళ సంగతి కొండ మీద అందరికీ తెలుసు. పాకావిడ బొంగు తిరగేసింది.

దారిలో కొంతదూరం పోయాక గుంట అంది, “తప్పు పోకుండా సెప్పాను కదా?”

“ఇన్నాను. ఒక్కటీ పోలేదు.”

“నువ్వు సెప్పమన్నట్టే సెప్పాను.”

“ఊఁ.”

“అబద్దం సెప్పుంటే? సోమారమే వస్తానని సెప్పీసి, తర్వాత ఏదో ఒకటి...”

“సోమారం ఎల్లకపోతే ఆళ్ళ దగ్గర అబద్దం అవుతాది. ఎల్లిపోతే ఇక్కడ అబద్దం అవుతాది. ఏదో ఒక దగ్గర పడాల కదా.”

గుంట నాకంటే ముందు నడిచింది.

ఊరి దగ్గరికి వచ్చేసరికి పక్కింటావిడ సంత నుంచి వస్తూ ఎదురైంది. నెత్తి మీద గంప, చంకలో బాలింత కోసం కొన్న వెల్లుల్లి కట్ట. పాకావిడ తమ్ముడు పాకలో విన్న సంగతి బండి మీద పోయి సంతలో చెప్పేసినట్టున్నాడు. ఆవిడ గంప దించకుండానే నా మీద పడింది.

“ఏటప్పా నువ్వు సేసిన పని? నా కాఫీ కోసం గుంట ఉద్యోగం ఒద్దన్నాదటేటి?”

“ఒద్దనలేదు. తర్వాత వస్తానన్నాది.”

“తర్వాతంటే ఎవరాగుతారు? నన్నొక్క మాట అడక్కపోయావా? నేను ఒద్దంటానేటి? ఎల్లమ్మా ఎల్లు అందును కదా!”

“అందువు. అందుకే అడగలేదు.”

“ఏటంటన్నావు?”

“అడిగితే నువ్వు ఒద్దనలేవు. సంటిపిల్లని పెట్టుకుని, ఆ తోట రాలిపోతుంటే సూస్తూ కూకుందువు. ఒద్దనలేని మనిషిని అడిగితే అది అడగడం కాదు.”

ఆవిడ గంప దించి రోడ్డు మీద పెట్టింది. గుంట వైపు చూసింది, నా వైపు చూసింది. “నీ రాయి గుండె నీ దగ్గరే ఉంచుకో అప్పా,” అంది. “నా కోడలికి నెలలు నిండినప్పుడు సేను కోసినాదంటే, బదులు కోసమా కోసినాది? నువ్వు మంచం మీద ఉన్నావని కోసినాది.”

“నాకు తెలుసు.”

“తెలిస్తే?”

“తెలిసినా బదులు బదులే.”

ఆవిడ గంప మళ్ళీ నెత్తిన పెట్టుకోబోయింది, ఒక్కతి వల్ల కాలేదు. గుంట వెళ్ళి ఒక చేయి వేసి ఎత్తింది. ఆవిడ దాని గడ్డం పట్టుకుని, “ఎల్లిపోవే గుంటా, సోమారం ఎల్లిపో, మీ అమ్మమ్మ మాట ఇనకు” అంది. గుంట నా మొహం చూసింది. నేనప్పుడు ఒక్క మాట అని ఉంటే పరుగెత్తుకుని మలుపుకు పోయి ఫోను చేసేది. చేసి, వస్తానని చెప్పేది. వాళ్ళు ఇంకా ఎవరినీ తీసుకుని ఉండరు కూడా, అప్పటికింకా పొద్దు గుంకలేదు. నేను అనలేదు. ఆవిడ నోటితో వెళ్ళమన్నంత మాత్రాన ఆ తోటలో పళ్ళు కొమ్మకు ఆగవు. ఇప్పుడు అడిగినా ఇదే చెప్తాను. చెప్పి సుఖపడ్డానని మాత్రం అనను.

ఆ సాయంత్రం గుంట మళ్ళీ మలుపుకు వెళ్ళింది, కబురు వచ్చిందేమో చూసుకోవడానికి. వచ్చేసరికి నేను చోడి పిండి కలుపుతున్నాను. గుమ్మంలో నిలబడి ఫోనులో వచ్చింది పైకి చదివింది. సోమవారం రాగల అమ్మాయిని తీసుకున్నారు. నీ కొరియన్ చాలా బాగుందని మేడమ్ అన్నారు. మళ్ళీ అవకాశం వస్తే చూద్దాం.

“మళ్ళీ వస్తాదేటి?” అంది.

వస్తుందని ఊరికే అనడం నాకు అలవాటు లేదు. “కాళ్ళు కడుక్కుని రా, అంబలి తాగుదువు” అన్నాను.

వచ్చింది. తాగింది. తగువు వేసుకుంటుందని చూశాను. గిన్నె కడిగి బోర్లించింది. ఫోను తీసి కొరియా పాఠాలన్నీ ఒకటొకటిగా తీసేసింది. చోటు ఖాళీ అవుతుందని అంది. దేనికి చోటు అని నేను అడగలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నన్ను హల్మొని అన్నవాళ్ళు లేరు. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు నాకే ఒక్కోసారి ఆ రెండు లోలు గుర్తొస్తాయి. నాకు గుర్తుండి ఏం లాభం, నన్ను ఎవరు ఉద్యోగానికి పిలుస్తారు?

కొందరు అంటారు, ముసల్ది మొండిది, పిల్ల బతుకు కాలరాసిందని. మలుపు దగ్గర పాకలో అలా అనుకున్నారని నా చెవిన పడింది. కాదని తగువుకు పోలేదు. బదులు మానేసి పంపి ఉంటే మంచి అమ్మమ్మ అని అందురు. మరుసటి ఏడు నా చేను ఎవరు కోసేవారో మాత్రం వాళ్ళు చెప్పలేదు. రెండూ నిజమే. రెండు నిజాల మధ్య మా గుంట చేతులు ఉన్నాయి, అవి రెండే.

తెల్లవారి నేను లేచేసరికి గుంట ముందే లేచి వాకిలి ఊడ్చింది. మంచు ఇంకా విడలేదు. అంబలి తాగి, కోత సంచి నడుముకు కట్టుకుని బయల్దేరింది. దారిలో రొయ్యల షెడ్లకు పిల్లల్ని కూడగట్టే ఆవిడ గుమ్మం ముందు ఆగింది. కోతలయ్యాక వ్యాను వచ్చినప్పుడు తనూ వస్తానని చెప్పడం మా వాకిట్లోకి వినబడింది. ఆవిడ సరే అంది. అక్కడి నుంచి వాలు ఎక్కి పక్కింటావిడ తోటకు వెళ్ళింది. నేను టార్పాలిన్ విప్పి పళ్ళు ఆరబోశాను.